బస్సు బాబాయి ఎడమ చెయ్యి

మా ఇంటి బొమ్మను బాలవినోద సంస్థ వారు పట్టుకుపోయారు. తిరిగి ఇవ్వలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. వారు ఇచ్చామంటారు. అనడం వారి ఉద్యోగం.

బొమ్మ సంగతి చెప్పాలి. ముప్పై ఎనిమిదేళ్ల కిందటి వరకు మా ఊరి చివర ఆ సంస్థ వారి కార్ఖానా ఉండేది. అందులో ఎర్ర బస్సు బొమ్మ చేసేవారు. బస్సు పైకప్పు వెనక్కి మడిస్తే కాళ్లు వస్తాయి. ముందు తలుపు తెరిస్తే తల వస్తుంది. పక్క కిటికీలు లాగితే చేతులు. మొత్తం పదకొండు మలుపులు తిప్పితే బస్సు పోయి మనిషి నిలబడతాడు. కాగితం మీద దాని పేరు ‘రూపాంతర మరమనిషి, రెండో రకం’. ఊళ్లో పేరు బస్సు బాబాయి. కొన్న మూడో రోజున ఎడమ చెయ్యి ఊడిపోయేది. అందరి బొమ్మలకీ అంతే. కార్ఖానా నాలుగేళ్లు నడిచి మూతబడింది.

ఆ ఎడమ చేతులు బిగించే విభాగంలో నా భార్య అప్పలనరసమ్మ పనిచేసింది. చేతికి పెట్టిన మేకు సన్నమని నేను అప్పుడే చెప్పాను. “మేకు నాను సెయ్యనేదు కదా,” అంది. కార్ఖానా మూసిన రోజున చెయ్యి లేని బొమ్మ ఒకటి, ఊడిన చెయ్యి ఒకటి పట్టుకొచ్చి, రెండింటినీ పిన్నీసుతో కలిపి మా పిల్ల సరోజినికి ఇచ్చింది. సరోజిని దాన్ని కొరికింది. వంటింట్లో పెడితే పసుపు అంటింది. నేను ఒకసారి చేతిలోకి తీసుకుని మనిషిని చేద్దామని తిప్పితే పిన్నీసు బొటనవేలిలో దిగింది. పిన్నీసు నోరు బయటికి పెట్టింది. అనవలసిన మాటలు అన్నాను.

కొన్ని రోజులకు నేను అన్నం తింటుంటే అప్పలనరసమ్మ ఆ బొమ్మ తెచ్చి, “ఓపాలి సూడు,” అంది. అన్నం దగ్గర ఆ దరిద్రం ఏమిటి, తీసెయ్ అన్నాను. తీసేసింది. తర్వాత పాత జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి, బొమ్మను అందులో పెట్టి, మూతి కుట్టేసి బీరువా మీద పెట్టింది. నాలుగేళ్ల కిందట ఆషాఢంలో ఆమె పోయింది. సంచి బీరువా మీదే ఉంది. నేను విప్పలేదు. విప్పవలసిన పని పడలేదు.

ఈలోగా పట్నాల్లో ఒక పిచ్చి పుట్టింది. నలభై దాటిన మగవాళ్లు చిన్నప్పటి బొమ్మలు వెతికి కొనడం, గాజుపెట్టెలో పెట్టడం, ముట్టుకోకుండా చూస్తూ కూర్చోవడం. వాళ్లకొక సమాఖ్య. దానికొక అధ్యక్షుడు. వాళ్లంతా కలిసి బస్సు బాబాయిని మళ్లీ విడుదల చెయ్యాలని విజ్ఞాపన పెట్టారు. సంస్థ వారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక వెతికితే అచ్చులు లేవు, నక్షా లేదు, ఒక్క బొమ్మ కూడా లేదు. నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే తెలపవలసిందని పత్రికలో వేశారు.

నా భార్య చెల్లెలు నూకరత్నం మా పక్కింట్లో ఉంటుంది. కొళాయి దగ్గర, “మా అప్ప సేతి బొమ్మ మా బావ ఇంట్లో నేదా ఏటి?” అని గొప్పకు పోయింది. మూడో రోజున జీపు వచ్చింది.

దిగినవాడు ఉప సంచాలకుడు వరహాలరావు. వెనక ఇద్దరు గుమాస్తాలు, ఒక లక్క కడ్డీ, ఒక కొవ్వొత్తి.

“సన్యాసయ్య గారూ, తమ అధీనములో నున్న వస్తువు ఈ క్షణము నుంచి వస్తువు కాదు. మూలప్రతి,” అన్నాడు.

“బొమ్మండీ అది,” అన్నాను.

“నిన్నటి వరకు బొమ్మ.”

సంచిని బల్ల మీద పెట్టించి, కుట్టు మీద లక్క కరగబోసి, సంస్థ ముద్ర వేశాడు.

“లోపల సూడరా?” అని నూకరత్నం అడిగింది.

“మూలప్రతిని తెరిచిన యెడల మూలత్వము చెడును, అమ్మా.”

“తెరవకపోతే అలాటిది ఇంకోటి ఎలాగ సేస్తారు?”

“యజమాని వాంగ్మూలము తీసుకొందుము. ఎన్నడైనను వస్తువు కన్నా కాగితమునకే ఆయుర్దాయము ఎక్కువ.”

నూకరత్నం నా వైపు తిరిగింది. “ఇవ్వకు బావా. నా నోరు కాలిపోను, నానే సెప్పీసినాను. అప్ప కుట్టిన సంచి అది. అలగే ఉండనీ.”

సమీక్ష ముగిసిన తొంభై రోజుల్లో తిరిగి ఇస్తామని రసీదు రాసిచ్చారు. రసీదు ఇచ్చినవాణ్ని నేను నమ్ముతాను. ఆ రోజు వరకు నమ్మేవాణ్ని. ఇచ్చాను.

వాంగ్మూలం సంస్థ కార్యాలయంలో జరిగింది. నూకరత్నం నాతో వచ్చింది. వద్దన్నా వచ్చింది. సంచి మా ముందే బల్ల మీద, గాజుపెట్టెలో ఉంది. దాని పక్కన కూర్చుని, దానిలో ఏముందో నన్ను అడిగి రాసుకున్నారు.

“మరక కలదా?”

“ఉంది. పసుపు మరక. అరచెయ్యంత.”

“ఎవరి అరచెయ్యి?”

“నాదే అనుకోండి.”

నా అరచెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీశారు.

“దంతక్షతములు?”

“పిల్ల కొరికింది. కుక్క కొరికినట్టు కొరికింది.”

గుమాస్తా కలం ఆపాడు. “పిల్లా, కుక్కా? గడిలో ఒకదానికే జాగా ఉందండీ.”

వరహాలరావు ఆలోచించాడు. “సగము ప్రతులకు పిల్ల, సగము ప్రతులకు కుక్క అని రాయవయ్యా. వాంగ్మూలములో నున్న ఏ పదమును మనము విడువరాదు.”

“ఎడమ చేయి?”

“పిన్నీసుతో పెట్టింది. నోరు బయటికి పెట్టింది. ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. ఏ పనీ సవ్యంగా చేసేది కాదు.”

గుమాస్తా చివరి వాక్యం కూడా రాశాడు.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. “బాబూ, ఆ పిన్నీసు సంగతి నాను సెప్తాను. మా అప్ప దాన్ని...”

వరహాలరావు చెయ్యి ఎత్తాడు. “అమ్మా, నిబంధన ప్రకారము కుటుంబ యజమాని వాంగ్మూలము మాత్రమే స్వీకరింపబడును.”

“బొమ్మకి సెయ్యి పెట్టింది ఆయనా, మా అప్పా?”

“పెట్టిన వ్యక్తి సజీవులు కారు. వారి తరపున భర్త.”

“నువ్వూరుకో నూకరత్నం,” అన్నాను నేను.

కూర్చుంది. సంతకం పెట్టాను.

అక్కడ నుంచి నాకు కాగితాలు రావడం మొదలైంది. మొదటిది మా సరోజినికి వచ్చి, ఆమె నాకు పంపింది. ‘పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, తమరు మూడవ యేట ఒక బొమ్మను కొరికియున్నట్లు వాంగ్మూలము వలన తెలియవచ్చినది. కావున తమరు పాలపళ్లతో సహా హాజరు కావలెను.’ ఆమెకు నలభై ఒకటి. బడిలో లెక్కలు చెబుతుంది. పాలపళ్లు లేవని జవాబు రాసింది. లేవనడానికి దంతవైద్యుని ధ్రువపత్రం అడిగారు. పంపింది. పళ్ల అచ్చు ఒకటి సీసంతో పోయించుకున్నారు.

కుక్కను మాత్రం వేరే శాఖ నుంచి డిప్యుటేషన్ మీద తెచ్చారు. దానికి హాజరుపట్టీ తెరిచారు. రోజుకు నలభై బొమ్మలు, ఆదివారం సెలవు. పనిలో చేరిన రెండో వారానికి అది బొమ్మను చూస్తే ముఖం తిప్పుకునేది. ఉద్యోగంలో స్థిరపడిందని వరహాలరావు అన్నాడు.

మళ్లీ తెరిచిన కార్ఖానా చూడమని నన్ను పిలిచారు. సమీక్షా సంఘంలో నేను సభ్యుణ్నట. సంఘంలో ముగ్గురం. వరహాలరావు, నేను, సమాఖ్య అధ్యక్షుడు తేజోమూర్తి. తేజోమూర్తి విశాఖపట్నం మనిషి. నలభై నాలుగేళ్లు. తెల్ల చేతిజోళ్లు వేసుకుని వచ్చాడు.

కార్ఖానాలో పెద్ద చిక్కు వచ్చిపడింది. కొత్తగా చేసిన బొమ్మకు ఎడమ చెయ్యి ఊడటం లేదు. కుర్ర ఇంజనీరు ఎవరో మేకు లావుగా వేశాడు. లాగినా ఊడలేదు. ఇంజనీరుకు మెమో ఇచ్చారు. మేకు మార్చాలంటే టెండరు పిలవాలి గనక, చేతులు ఊడదీయడానికి ఒక విభాగం పెట్టారు. బొమ్మను చేసి, రెండు రోజులు అట్టే ఉంచి, మూడో రోజు పొద్దున్న పదింటికి నలుగురు మగవాళ్లు శ్రావణాలతో చేతులు పీకుతారు. పక్క గదిలో ఆరుగురు ఆడవాళ్లు వాటిని పిన్నీసులతో పెడతారు.

ఆ ఆరుగురిలో ఒక పెద్దావిడ వరహాలరావును ఆపింది. “అయ్యా, నోరు బయటికి పెడితే గుచ్చుకుంటాది. పిల్లముండకి ఇచ్చే బొమ్మకి ఆడది ఎవులైనా నోరు లోపలికే పెడతాది.”

“వాంగ్మూలములో బయటికి అని కలదు.”

“వాంగ్మూలం ఎవులిచ్చినారు?”

వరహాలరావు నన్ను చూపించాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“మా ఆడది అలాగే పెట్టింది,” అన్నాను.

“నువ్వు సూసినావా?”

“వేలికి దిగింది. చూడటమేమిటి?”

ఆవిడ పిన్నీసు నోరు బయటికి పెట్టి, బొమ్మను పక్కన పడేసి, ఇంకొకటి అందుకుంది. మర్నాడు ఆవిడకూ మెమో ఇచ్చారని విన్నాను. అధికారి ఎదుట ఇంగితజ్ఞానం ప్రదర్శించినందుకు.

పిన్నీసు ఉన్న బొమ్మను పిల్లలకు అమ్మకూడదని ఇంకొక నిబంధన అడ్డం వచ్చింది. వరహాలరావు దాన్ని దాటాడు. డబ్బా మీద ‘నలభై యేండ్లు నిండని వారికి అందుబాటులో ఉంచరాదు’ అని అచ్చు వేయించాడు. కొనేవాడు జనన ధ్రువపత్రం తేవాలి. దాంతోపాటు, ఆ కాలంలో తాను పిల్లవాడినేనని ఇద్దరు సాక్షుల చేత రాయించి తేవాలి. బాలవినోద సంస్థ బాలలకు అమ్మని మొదటి వస్తువు ఇదేనని తేజోమూర్తి చప్పట్లు కొట్టాడు.

తర్వాత సమీక్ష. మొదటి పదిహేను బొమ్మలు బల్ల మీద పెట్టారు. అన్నీ గాజుపెట్టెల్లో ఉన్నాయి. తేజోమూర్తి వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కదాన్నీ చుట్టూ తిరిగి చూశాడు. కూర్చుని రాశాడు. ‘రూపాంతర ప్రక్రియ అద్భుతం. పదకొండు మలుపులూ సాఫీగా ఉన్నట్టు ఊహించవచ్చు.’

“తిప్పి చూడరా?” అని అడిగాను.

“తిప్పితే విలువ పోతుందండీ.”

“మరి బస్సు మనిషి అవుతుందో లేదో ఎలా తెలుస్తుంది?”

“అవుతుందని మనకు తెలుసు. చిన్నప్పుడు అయ్యేది కదా.” గొంతు తగ్గించాడు. “మీరు... నిజంగానే తిప్పారా అండీ? చేతులతో?”

“ఒకసారి.”

నేను ఎవరినో పొడిచి వచ్చినట్టు కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

నేను పెట్టె మూత తీసి ఒకదాన్ని తిప్పాను. ఏడో మలుపు దగ్గర పిన్నీసు వేలిలో దిగింది. అదే వేలు. ‘సరిగానే ఉంది’ అని రాశాను.

విడుదల తేదీ ఖాయమైంది. ముందుగా చివరి సమీక్ష జరగాలన్నారు. కార్ఖానా ముందు షామియానా వేశారు. పక్కన రోడ్డు రోలరు, దానికి బంతిపూల దండ. వాంగ్మూలానికి సరిపడని బొమ్మ తేలితే దాన్ని అక్కడికక్కడే నకిలీగా ప్రకటించి తొక్కించాలట. అప్పుడు జనానికి నమ్మకం కలుగుతుందట. తొక్కించడానికి ఒకటైనా తేలితే బాగుంటుందని రోలరు డ్రైవరు నాతో అన్నాడు. పొద్దున్నుంచీ ఇంజను వేడిగా ఉంచాడు పాపం.

బల్ల మీద పది బొమ్మలు, ఒకటి నుంచి పది వరకు నంబర్లు.

“తమరు స్వేచ్ఛగా పరిశీలించి, వాంగ్మూలమునకు భిన్నముగా నున్న దానిని చూపవలెను,” అన్నాడు వరహాలరావు. “ఇది అయిన వెంటనే మూలప్రతి విషయము పరిష్కరించెదము.”

నాకు ఆ మాట చాలు. మా సంచి మాకు వచ్చేస్తే ఈ ముఖాలు మళ్లీ చూడక్కర్లేదు. కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాను. ఒకటి సరే. రెండు సరే. మరక అరచెయ్యంత, కాట్లు లోతు, పిన్నీసు నోరు బయటికి. మూడు, నాలుగు, ఐదు, ఆరు అవే.

ఏడో నంబరు దగ్గర ఆగాను. మరక రూపాయి బిళ్లంత ఉంది. కాట్లు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. ఎరుపు వెలిసిపోయింది. పిన్నీసు తిప్పి చూశాను. నోరు లోపలికి ఉంది. అంతే కాదు, దాని మీద ఎర్ర దారంతో చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. దగ్గర చుట్లు, ఒకదాని మీద ఒకటి పడకుండా. వేలు పెట్టి రాసినా ఏమీ గుచ్చుకోలేదు.

మోసం దొరికింది కదా అనుకున్నాను. నా కన్ను ఇంకా పోలేదనుకున్నాను. కాగితం మీద ఇలా రాశాను. ‘ఏడో నంబరు నకిలీ. మరక చాలదు. కాట్లు చాలవు. పిన్నీసు నోరు లోపలికి ఉంది. వాంగ్మూలంలో లేని దారం ఉంది. ఇంత ఒద్దికగా నా భార్య ఎన్నడూ ఏ పనీ చెయ్యలేదు.’ సంతకం పెట్టాను.

చప్పట్లు కొట్టారు. ఏడో నంబరును రోలరు ముందు పెట్టారు. డ్రైవరు దండ సర్దుకుని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నడిపాడు. తేజోమూర్తి కళ్లు మూసుకున్నాడు. తొక్కినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు.

నేను రసీదు తీసి వరహాలరావు ముందు పెట్టాను. “నా బొమ్మ.”

అతను లక్క వేసిన కవరు చింపి, లోపలి కాగితం చదివాడు. ఒకసారి చదివి, మళ్లీ చదివాడు. గుమాస్తా చేతికిచ్చాడు. గుమాస్తా చదివి తిరిగి అతని చేతికే ఇచ్చాడు.

“నిబంధన ఏమనగా,” అన్నాడు, “ప్రతులకు, మూలప్రతికి భేదము లేదని యజమానియే ధ్రువీకరింపవలెను. యజమానికి తెలిసిన యెడల పక్షపాతము ఏర్పడును. అందువలన ఈ ఉదయము సాక్షుల సమక్షములో ముద్ర విప్పి, మూలప్రతిని తొమ్మిది ప్రతులతో కలపడమైనది.”

“ఎన్నో నంబరు?”

అతను రోలరు వైపు చూశాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముద్ర విప్పినప్పుడు ఎవరైనా పిన్నీసు మార్చారా అని అడిగాను. ముట్టుకున్నవారు లేరని, పటకారుతో తీసి పెట్టారని సాక్షులిద్దరూ సంతకాలు చూపించారు.

వరహాలరావు ఈలోగా తేరుకున్నాడు. “సంస్థ వైపు లోపమేమియు లేదు. తమరు స్వహస్తముతో తిరస్కరించితిరి గనుక అది మూలప్రతి కాదని రుజువైనది. మూలప్రతి కానిదానిని మూలప్రతిగా మాకు అప్పగించినందులకు తమపై చర్య తీసుకొనవచ్చును. తమ వయస్సును బట్టి తీసుకొనుట లేదు.” మూడో నంబరు బొమ్మను డబ్బాలో పెట్టి, ధ్రువపత్రంతో నా చేతికిచ్చాడు. “ఇది వాంగ్మూలమునకు అక్షరాలా సరిపోవుచున్నది. కావున ఇకపై ఇదియే మూలప్రతి. రసీదు తిరిగి ఇప్పించండి.”

రసీదు తీసుకున్నాడు.

రోలరు దగ్గర ఎర్ర పెంకులు ఏరుకున్నాను. రుమాల్లో కట్టాను. పిన్నీసు తీగలా సాగిపోయింది. దారం మాత్రం తెగలేదు.

ఇంటికి వచ్చేసరికి నూకరత్నం అరుగు మీద బియ్యం ఏరుతోంది. రుమాలు విప్పి చూపించాను. జరిగింది చెప్పాను. చేట పక్కన పెట్టి, దారం ముడి వేలితో తడిమింది.

“అప్ప ముడే. పిన్నీసు దిగిందని నువ్వు కసిరిన మర్నాడే నోరు లోపలికి తిప్పీసింది బావా. ‘మీ బావకి మళ్లీ గుచ్చుకుంటాదే’ అని నా దగ్గరే ఎర్ర దారం అడిగి పట్టుకెళ్లింది. నీకు సూపిస్తానని కూడా అంది. సూపించనేదేటి?”

“చూపించింది,” అన్నాను.

“మరి?”

“అన్నం తింటున్నాను.”

ఆమె నా ముఖం వైపు చూసింది.  “ఆ రోజు ఆపీసులో సెప్పబోయినాను,” అంది. “ఇద్దరూ ఊరుకోమన్నారు.”

సంస్థ వారు ఇచ్చిన బొమ్మ డబ్బాలోంచి తీశాను. పిన్నీసు విప్పి, నోరు లోపలికి తిప్పి పెట్టాను. నూకరత్నం దారం తెచ్చి ఇచ్చింది. చుట్టాను. నా చుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విప్పి మళ్లీ చుట్టాను. మళ్లీ పడ్డాయి. అలాగే ముడి వేసి బీరువా మీద పెట్టాను.

నిబంధన ప్రకారం ఇప్పుడది నకిలీ. రోలరు తోలుకువచ్చేవాళ్లు తోలుకురావచ్చు. తలుపు తీసే ఉంటుంది.

బొమ్మ చక్కగా తయారైందనీ, నాలుగు మంచి మాటలు రాసి పంపితే డబ్బా మీద వేస్తామనీ తేజోమూర్తి రెండు ఉత్తరాలు రాశాడు. ఇదే నా సమీక్ష. వేసుకుంటే మొత్తం వేసుకోవాలి. ఇక ఆ బొమ్మ గురించి, ఆ చెయ్యి గురించి నన్ను ఎవరూ అడగవద్దు. నూకరత్నంతో కూడా చెప్పేశాను. నేను మళ్లీ ఆ మాట ఎత్తను.